పాత డిస్కులు – కొత్త కంప్యూటర్లు

పూర్వపు నల్లగొండ జిల్లాలో ఫణిగిరి అను గ్రామము కలదు. 2016 అక్టోబరులో జిల్లాల విభజన జరిగిన పిమ్మట అది సూర్యాపేట జిల్లాలో చేరినది. అచ్చటి గుట్టమీద బౌద్ధ స్తూపముతోపాటు ఒక శాసన స్తంభము బయల్పడినది. ఇక్ష్వాకు రాజైన రుద్రపురుషదత్తుని 18వ పాలనా సంవత్సరములో రాజవైద్యుడు ఒక ధర్మచక్రమును నెలకొల్పినట్లు ఆ శాసనము చెప్పుచున్నది. అది చెక్కి సుమారు 1700 సంవత్సరములు గడచినవి. ఎండకు ఎండి, వానకు తడిసినను అక్షరములు నిలిచియున్నవి.

అక్షరములు నిలిచినంత మాత్రమున వ్రాత బ్రదికినట్లు కాదు. శాసనములు చెక్కిన ఆ బ్రాహ్మీ లిపిని చదువగలవారే ఒక కాలమున దేశములో లేకపోయిరి. 1837లో కలకత్తాలో జేమ్సు ప్రిన్సెప్ ఆ లిపి రహస్యమును ఛేదించిన తరువాతనే ఇట్టి రాళ్లు మరల మాటాడ మొదలిడినవి. అయినను ఆ రాయి కోరినది స్వల్పము: కాస్త వెలుతురు, ఒక జత కన్నులు, లిపి పరిచయము. ఇంతకుమించి దానికి ఏ యంత్రమును అక్కరలేదు.

కంప్యూటరు డిస్కు సంగతి వేరు. ఇరువది ఐదు సంవత్సరముల క్రిందట నింపి, బీరువాలో పెట్టి మరచిన డిస్కును తీసి ఎంత వెలుతురులో చూచినను ఒక్క అక్షరమును కనిపించదు. అందులోని వ్రాత చెక్కుచెదరకుండ ఉండవచ్చును. చదివెడి యంత్రమే లోకమునుండి తొలగిపోయియుండవచ్చును. పాత డిస్కును కొత్త కంప్యూటరుకు తగిలించి పలికించుట అనెడి చిన్న పని వెనుక ఇంత పెద్ద చరిత్ర యున్నది.

భూమి లెక్కలు

నల్లగొండ, మహబూబునగరు జిల్లాల ప్రజలకు వ్రాత నిలుచుట అనునది కేవలము పండితుల విషయము కాదు. నిజాము కాలపు భూమి కొలతల ఫలితముగా తయారైన సేత్వారు ఉర్దూలో ఉన్నది. 1954–55లో, నాటి హైదరాబాదు రాష్ట్రములో, ఊరూర పొలములు తిరిగి తయారుచేసినది ఖాస్రా పహాణీ. సర్వే నంబరు, విస్తీర్ణము, పట్టాదారు పేరు, కాస్తులో ఉన్నవాని పేరు అందులో ఉండును. ఏడు దశాబ్దములు గడచినను భూమి తగాదా వచ్చినచో నేటికిని ఆ పహాణీ నకలు కావలెనని అడుగుచున్నారు.

కొన్ని ఊళ్లకు కాగితము తప్ప వేరు సాక్ష్యము లేదు. నాగార్జునసాగరు జలాశయములో నల్లగొండ జిల్లా ఏలేశ్వరము మునిగినది. శ్రీశైలము జలాశయము నిండినప్పుడు మహబూబునగరు జిల్లాలో కృష్ణ ఒడ్డున ఉన్న అనేక గ్రామములు నీటి క్రిందికి పోయినవి. కూడవెల్లి సంగమేశ్వరాలయమును విప్పి అలంపురములో మరల కట్టిరి. గుడిని రాయి రాయిగా తరలింపవచ్చును గాని పొలమును, గట్టును, వీధిని తరలింపలేరు. అట్టి ఊరిలో ఎవరి ఇల్లు ఎచ్చట ఉండెనో చెప్పవలెనన్నచో రికార్డే చెప్పవలెను.

ఈ రికార్డులు కంప్యూటరులోనికి చేరుట 1980ల చివర మొదలైనది. భూమి రికార్డులను కంప్యూటరులోనికి ఎక్కించు కేంద్ర ప్రభుత్వ పథకము 1988–89లో ఎనిమిది రాష్ట్రములలో ఒక్కొక్క జిల్లాలో ప్రయోగముగా ప్రారంభమైనది. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్నుకొన్నది రంగారెడ్డి జిల్లా. అది ఈ రెండు జిల్లాలకును పొరుగుననే ఉన్నది. 1998 నవంబరులో రిజిస్ట్రేషను కార్యాలయములలో 'కార్డ్' అను పద్ధతి వచ్చినది. తెలంగాణ ఏర్పడిన తరువాత 2020లో ధరణి, 2025లో భూ భారతి వచ్చినవి.

ఇట్లు పద్ధతి మారిన ప్రతిసారి పాత సమాచారమును కొత్త దానిలోనికి ఎత్తిపోయవలెను. పాలమూరు మెట్టభూములకు కృష్ణా జలములవలె సమాచారము గూడ తనంతట తాను పైకి ఎక్కదు. ఎత్తిపోసినది బ్రదుకును, పాత డిస్కులోనే విడిచినది ఆ డిస్కుతోపాటు ముసలిదగును. ప్రభుత్వ కార్యాలయములలోనే కాదు, పాఠశాలలలో, అచ్చుకూటములలో, గ్రంథాలయములలో, ఇండ్లలో గూడ ఇట్టి డిస్కులు ఉండవచ్చును.

అయస్కాంతముపై వ్రాత

అయస్కాంతముతో వ్రాయవచ్చునని మొదట చూపినవాడు డెన్మార్కు దేశస్థుడు వాల్డెమార్ పౌల్సెన్. 1898లో అతడు ఉక్కు తీగపై మాటను నిలుపు యంత్రము చేసెను. 1900లో పారిస్ ప్రదర్శనలో ఆస్ట్రియా చక్రవర్తి ఫ్రాంజ్ జోసెఫ్ దానిలో పలికిన మాటలు నేటికిని వినవచ్చును. దీనినిబట్టి అయస్కాంతపు వ్రాత స్వతహాగా అల్పాయువు కాదని తెలియుచున్నది.

తీగ, టేపు ఉన్నప్పుడు నడుమనున్న మాట కావలసినచో మొదటినుండి చుట్ట విప్పవలెను. ఈ చిక్కును తీర్చినది డిస్కు. 1956లో ఐబీఎం సంస్థ రామాక్ అను కంప్యూటరును ప్రకటించినది. అందలి నిల్వ యంత్రములో రెండడుగుల వ్యాసముగల పళ్లెములు 50, ఒకదానిపై ఒకటి నిమిషమునకు 1200 సార్లు తిరుగుచుండెను. ఇంత పెద్ద యంత్రములో పట్టినవి 50 లక్షల అక్షరములు మాత్రమే. ముల్లు ఏ పళ్లెముమీదికైనను నేరుగా పోగలుగుటయే దాని గొప్ప.

నేటి తిరుగుడు డిస్కులోను సూత్రము అదియే. పళ్లెముపై పూసిన అయస్కాంత పదార్థములో సూక్ష్మమైన ప్రదేశములు ఒక దిక్కునకో, ఎదురు దిక్కునకో తిరిగియుండును. ఆ దిక్కు మారుట, మారకుండుటలే ఒకట్లు, సున్నలు. చదువు తల పళ్లెమును తాకదు. గాలి పొరపై తేలుచుండును. ఆ ఎడము తల వెండ్రుక మందములో వెయ్యవ వంతుకన్నను తక్కువ. కాబట్టి ఒక ధూళి కణము గూడ దానికి కొండ వంటిది. ఎండకాలములో దుమ్ము రేగు ఈ మెట్టసీమలో డిస్కు పెట్టెను విప్పి లోపల చూడబూనుట దానిని చంపుటయే.

తీగల వంశవృక్షము

డిస్కు కంప్యూటరు కడుపులో ఉన్నంతకాలము అది ఏ తీగతో మాటాడుచున్నదో వాడువానికి తెలియనక్కరలేదు. అది వేరు పెట్టెలో బయటికి వచ్చినప్పుడే చిక్కు మొదలైనది.

షుగార్ట్ అను అమెరికా సంస్థ చేసిన ఒక అనుసంధాన పద్ధతి మెరుగుపడి 1986లో 'స్కజ్జీ' అను ప్రమాణమైనది. ఎనిమిది బిట్లు ఎనిమిది తీగలపై ఒకేసారి పక్కపక్కన నడుచుట దాని పద్ధతి. అదే సంవత్సరము వచ్చిన మాకింటాష్ ప్లస్ కంప్యూటరుకు వెనుకభాగమున ఇట్టి ద్వారము ఉండెను. ఐబీఎం తరహా కంప్యూటర్లలో ప్రింటరుకై పెట్టిన 25 రంధ్రముల ద్వారమునే కొందరు బయటి డిస్కులకు వాడుకొనిరి. 1990ల నడుమ వచ్చిన 100 మెగాబైట్ల జిప్ డ్రైవు అట్లే నడచినది. 1995లో ఫైర్‌వైర్, 1996లో యూఎస్‌బీ ప్రమాణములు వచ్చినవి. 2000లో యూఎస్‌బీ రెండవ రూపము సెకనుకు 480 మెగాబిట్ల వేగము నందుకొనిన పిమ్మట తక్కినవన్నియు వెనుకబడినవి. కంప్యూటరు లోపల గూడ 40 సూదుల వెడల్పు పట్టీ పోయి 2003 తరువాత సన్నని సాటా తీగ వచ్చినది.

ఇచ్చట ఒక వింత కలదు. నేడు జేబులో పెట్టుకొను పెన్ డ్రైవు కంప్యూటరుతో మాటాడు ఆదేశములు చాలవరకు ఆ పాత స్కజ్జీ భాషలోనివే. ద్వారము మారినది, తీగ మారినది, భాష మిగిలినది. బ్రాహ్మి మారి మారి నేటి తెలుగు లిపి అయినట్లే యంత్రముల భాషకును వంశక్రమము ఉన్నది. అయినను స్కజ్జీ డిస్కును నేరుగా యూఎస్‌బీ ద్వారములో దూర్చలేము. ఎనిమిది తీగలపై పక్కపక్కన నడచిన బిట్లను ఒకే వరుసలో నడిపించు దుబాసీ నడుమ కావలెను.

గొలుసులో ఐదు లంకెలు

పాత డిస్కు పలుకుటకు ఐదు లంకెలు అతకవలెను. ఏది తెగినదో గుర్తించుటయే సగము పని.

మొదటిది విద్యుత్తు. పాత పెట్టెలు కొన్ని 12 వోల్టులు, కొన్ని 5 వోల్టులు కోరును. ప్లగ్గు సరిపోయినంత మాత్రమున అడాప్టరు సరిపోయినట్లు కాదు. వోల్టేజి ఎక్కువైనను, ధనఋణములు తారుమారైనను లోపలి పలక మాడిపోవును. యూఎస్‌బీ రెండవ రూపపు ద్వారము 500 మిల్లీ ఆంపియర్లు, మూడవ రూపము 900 మిల్లీ ఆంపియర్లు ఇచ్చుటకు ఏర్పడినవి. చిన్న డిస్కు తిరుగ నారంభించు క్షణమున దానికి అంతకన్న ఎక్కువ కావలసి రావచ్చును. టిక్కు టిక్కుమని ఆగిపోవు డిస్కులు కొన్ని చచ్చినవి కావు, ఆకలిగొన్నవి. అందుకే పూర్వము రెండు ప్లగ్గుల తీగ ఇచ్చెడివారు. అయితే విద్యుత్తు చాలినంత ఉన్నను అదే చప్పుడు వచ్చుచున్నచో చదువు తల దెబ్బతిన్నదని అనుమానించి వెంటనే ఆపవలెను.

రెండవది తీగ, దుబాసీ పలక. బయటి పెట్టెలో నిజమైన డిస్కు, దానిని యూఎస్‌బీకి కలుపు చిన్న పలక అని రెండు భాగములు ఉండును. తరచు చెడునది పలకయే. అప్పుడు సీలు వేసిన డిస్కును విప్పకుండ, పెట్టెనుండి మాత్రము తీసి, తగిన వేరొక అడాప్టరుకు తగిలించినచో పలుకవచ్చును. కొన్ని పెట్టెలు మాత్రము సమాచారమును రహస్య లిపిలోనికి మార్చి వ్రాయును; అట్టి వానికి ఆ జాతి పలకయే కావలెను. ప్రింటరు ద్వారపు డ్రైవులకు మరొక చిక్కు కలదు: ప్రింటరుకై అమ్ము యూఎస్‌బీ తీగలు వానికి పనికిరావు. నిజమైన ప్రింటరు ద్వారముగల పాత కంప్యూటరును వెదకుటయే మార్గము. కాబట్టి పాఠశాల మూలనున్న పాత యంత్రమును పాత సామానువానికి తూచి ఇచ్చుటకు ముందు ఒకసారి ఆలోచింపవలెను.

మూడవది డ్రైవరు, అనగా కంప్యూటరు నడుపు వ్యవస్థలో ఆ పరికరమును గుర్తించు భాగము. కొత్త వ్యవస్థలు పాత పరికరములను క్రమముగా మరచుచున్నవి. 2025లో వచ్చిన మాక్ వ్యవస్థ ఫైర్‌వైరును వదలివేసినది.

నాల్గవది ఫైళ్ల అమరిక. డిస్కుపై ఏ ఫైలు ఎచ్చట మొదలై ఎచ్చట ముగియునో తెలుపు విషయసూచిక వంటిది ఇది. మాకింటాష్ 1985లో తెచ్చిన అమరికను చదువు శక్తిని దాని వారసులైన మాక్‌లే 2019లో విడిచినవి. కొత్త కంప్యూటరు అట్టి డిస్కును చూచి "ఇది ఖాళీగా ఉన్నది, ఫార్మాట్ చేయుదునా?" అని అడుగవచ్చును. దానికి ఔనని చెప్పుట విషయసూచికను చింపివేయుటతో సమానము. ఉచితముగా దొరకు లినక్సు వ్యవస్థ ఇట్టి పాత అమరికలను అనేకము గుర్తుంచుకొన్నది.

ఐదవ లంకె అక్షరము. తెలుగు చదువరికి ఇది మిక్కిలి ముఖ్యమైనది. భారతీయ లిపులన్నిటికి ఒకే సంకేతమాల ఉండవలెనని 1991లో ఇస్కీ అను భారతీయ ప్రమాణము ప్రకటింపబడినది. అదే సంవత్సరము యూనికోడులో తెలుగుకు స్థానము దొరకినది. కాని యూనికోడు తెలుగు సామాన్య కంప్యూటర్లకు అందుటకు 2001లో విండోస్ ఎక్స్‌పీ వరకు ఆగవలసి వచ్చినది. ఈ నడుమ కాలములో అచ్చుకూటములు ఇంగ్లీషు అక్షరముల స్థానములలో తెలుగు గుణింతపు ముక్కలను అమర్చిన ఫాంట్లతో పని గడుపుకొనినవి. ఏ ఫాంటు అమరిక దానిదే. అట్టి ఫైలు నేడు తెరచినచో, ఆ ఫాంటు లేనప్పుడు, అర్థములేని ఇంగ్లీషు గుర్తులు బారులు తీరును. డిస్కు పలికినది, ఫైలు తెరచుకొన్నది, తెలుగు మాత్రము రాలేదు. ఆ ఫాంటు అమరికను తెలిసికొని యూనికోడులోనికి మార్చు పని చేసినప్పుడే గొలుసు పూర్తియగును. అది చిన్నపాటి ప్రిన్సెప్ పనియే.

1922లో నల్లగొండనుండి షబ్నవీసు వెంకటరామ నరసింహారావు నీలగిరి పత్రికను వెలువరించెను. దాని ప్రతి చేతికి దొరకినచో తెలుగు వచ్చిన ఏ బాలుడైనను చదువగలడు. 1990లలో కంప్యూటరుపై కూర్చిన పత్రిక ఫైలు దొరకినను అట్లు చదువలేకపోవచ్చును.

రెండు డూమ్స్‌డే గ్రంథముల కథ

ఈ విషయమును లోకమునకు స్పష్టముగా చూపినది ఇంగ్లండులోని ఒక ఉదంతము. అచ్చటి రాజు విలియము 1086లో దేశములోని భూముల లెక్క వ్రాయించెను. ఎవరి క్రింద ఎంత భూమి, ఎన్ని నాగళ్లు, ఎంత విలువ అని తెలుపు ఆ గ్రంథమునకు డూమ్స్‌డే అని పేరు వచ్చినది. అది ఒక విధముగ ఆ దేశపు ఖాస్రా పహాణీ.

తొమ్మిది వందల సంవత్సరములు నిండిన సందర్భమున, 1986లో, బీబీసీ సంస్థ కొత్త డూమ్స్‌డే తలపెట్టినది. వేలకొలది పాఠశాలల విద్యార్థులు తమ ఊళ్ల వివరములు వ్రాసి, ఫోటోలు తీసి పంపిరి. అదంతయు రెండు పెద్ద లేజరు డిస్కులలో నింపబడెను. వానిని చదువుటకు ప్రత్యేకమైన బయటి డ్రైవు, దానికి స్కజ్జీ తీగతో కలిపిన బీబీసీ మాస్టర్ కంప్యూటరు కావలెను. ధర ఎక్కువగుటచే అనేక పాఠశాలలు కొనలేకపోయినవి; ఆ పరికరములు త్వరలోనే అరుదైనవి.

పదునారు సంవత్సరములు గడచుసరికి, 2002 నాటికి, కొత్త డూమ్స్‌డేను చదువుట నిపుణుల సమస్యయైనది. 1086 నాటి తోలు పుటలు మాత్రము లాటిను వచ్చినవారికి ఎప్పటివలెనే చదువ వీలుగా ఉన్నవి! లీడ్స్, మిషిగన్ విశ్వవిద్యాలయముల వారు పాత కంప్యూటరు చేయు పనినంతను కొత్త కంప్యూటరు అనుకరించునట్లు ప్రోగ్రాము వ్రాసి ఆ సమాచారము పలుకగలదని చూపిరి. 2011లో బీబీసీ ఊళ్ల వివరముల డిస్కును ఇంటర్నెట్టులో ఉంచినది.

మరొక ఉదంతము చంద్రునికి సంబంధించినది. 1966, 67లలో అమెరికా లూనార్ ఆర్బిటర్ నౌకలు తీసిన చిత్రములు టేపులలో ఉండెను. వానిని చదువు యాంపెక్స్ డ్రైవులు మూలబడినప్పుడు నాన్సీ ఎవాన్స్ అను ఉద్యోగిని వానిని పారవేయనీయక ఏండ్ల తరబడి తన ఇంటి షెడ్డులో దాచెను. వానిని బాగుచేసి 2008లో, చంద్రుని అంచునుండి భూమి కనబడు ప్రసిద్ధ చిత్రమును మునుపెన్నడు లేనంత స్పష్టతతో వెలికి తీసిరి. టేపులను దాచినవారు పలువురు. చదువు యంత్రమును దాచినది ఆమె.

పాఠశాలలో చేయదగినది

ఈ చరిత్ర పరీక్షకై చదువవలసినది మాత్రమే కాదు. ఉపాధ్యాయులు, పెద్ద తరగతుల విద్యార్థులు కలసి తమ ఊరిలో చేయదగిన పని ఇందులో కలదు.

పాఠశాలలో గాని, గ్రంథాలయములో గాని పాత డిస్కులున్నచో మొదట పట్టిక వ్రాయవలెను: డిస్కు రకము, ద్వారపు ఆకారము, పైన అంటించిన చీటీలోని మాటలు, దాని అసలు అడాప్టరు ఎచ్చటనున్నది. పిదప పలుకు వానిని ఒకసారి మాత్రమే తగిలించి, దానిపై ఏమియు వ్రాయకుండ, పూర్తి నకలు తీయవలెను. ఒక్కొక్క ఫైలు తెరచి చూచుచు కాలయాపన చేయరాదు. ముసలి డిస్కు ఎప్పుడు ఆగునో తెలియదు. 2004లో వచ్చిన డీడీ రెస్క్యూ అను ఉచిత ప్రోగ్రాము మొదట సులభముగా చదువవచ్చిన భాగములన్నిటిని తీసికొని, చెడిన చోట్లకు చివర తిరిగి వచ్చును. తెలిసిన ప్రశ్నలు ముందు వ్రాసి కష్టమైన వానిని చివర ముట్టు విద్యార్థి పద్ధతియే అది.

నకలు ఒక్కటి చాలదు. రెండు వేరు పరికరములపై, రెండు వేరు చోట్ల ఉంచవలెను. తెలుగు వ్రాతలను యూనికోడులోనికి మార్చవలెను. మిక్కిలి ముఖ్యమైన వానిని మంచి కాగితముపై అచ్చు తీసి ఉంచుట వెనుకబాటుతనము కాదు. ఐదారు సంవత్సరములకు ఒకసారి అన్నిటిని తెరచి చూచి, అవసరమైనచో కొత్త పరికరములోనికి ఎత్తిపోయవలెను. తాళపత్రములు శిథిలమగుటకు ముందే కొత్త ఆకులపై నకలు వ్రాసికొనిన పూర్వుల పద్ధతికిని దీనికిని భేదము లేదు.

ఫణిగిరి రాయి తనను చదువువాని కొరకు శతాబ్దములు వేచియుండగలిగినది. డిస్కు అంతకాలము వేచియుండదు. దానిని చదువు డ్రైవు, తీగ, వాని సంగతి తెలిసిన మనుష్యులు అందరును ఉన్న కాలము ఇదే. నీట మునిగిన ఒక ఊరి చిత్రమో, ఒక రైతు పొలపు లెక్కయో ఇట్టి బీరువాలో ఉన్నచో, దానిని పలికించుటకు వీలైన దినములు కూడ ఇవియే.